నేల పట్టుకున్న పొద్దు

ఇప్పుడు నేను బాగున్నాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇలాంటివి చదివేటప్పుడు నేను కూడా చివరి పేజీ తిప్పి, మనిషి బతికాడో లేదో చూసుకుని మళ్లీ మొదటికి వస్తాను. నా పేరు అరుణ. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. మన్సూరాబాద్‌లో అమ్మానాన్నలతో ఉంటాను. నాన్న బస్సు కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. పోయిన ఏడాది నా ఒళ్లు నా మాట వినడం మానేసింది. రోజూ కాదు, తనకు బుద్ధి పుట్టినప్పుడు. అదెందుకో తెలుసుకునే తిప్పలో, నేను పుట్టడానికి చాలా ముందే పోయిన మా ముత్తాత ఎల్లయ్య నాకు ఎదురుపడ్డాడు. ఆయన ఫొటో ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. అయినా ఇప్పుడు పొద్దున లేచి కాళ్లు కింద పెట్టగానే ముందు ఆయనే గుర్తొస్తాడు.

ఫిబ్రవరి

పరీక్షలకు ముందు పిల్లలు వీడ్కోలు పార్టీ పెట్టుకున్నారు. బిర్యానీ, డబుల్ కా మీఠా, మళ్లీ బిర్యానీ. తిండి దగ్గర మొహమాటపడే అలవాటు నాకు లేదు. ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాను. తెల్లవారి అలారం మోగింది. ఆపుదామని చెయ్యి చాపబోతే చెయ్యి రాలేదు.

తిమ్మిరి కాదు. నొప్పి కాదు. దుప్పటి ఒంటికి తగులుతోంది, ఫ్యాను గాలి తెలుస్తోంది. కదలిక ఒక్కటే పోయింది. కాళ్లూ అంతే. మెడ కొద్దిగా తిరుగుతోంది. నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"అమ్మా, నాకు లేవస్తలేదు."

"రాత్రి గంతగనం తిని పంటే ఎట్ల లేవస్తది?" వంటింట్లోంచే అంది అమ్మ. "ముందు గా ఫోన్ బంద్ చెయ్యి."

"అమ్మా, నిజంగ. చెయ్యి లేస్తలేదు."

నా గొంతులో ఏం వినపడిందో, అమ్మ వచ్చింది. చెయ్యి పట్టుకుని ఎత్తి వదిలింది. అది మంచం మీద పడిపోయింది. అమ్మ దాన్ని మళ్లీ ఎత్తలేదు. నాన్న పక్కింటాయనను పిలిచాడు. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని ఆటోలోకి చేర్చారు. ఎల్‌బీనగర్ చౌరస్తా దగ్గరి దవాఖానకు వెళ్లేదాకా నా తల అమ్మ భుజం మీద ఊగుతూనే ఉంది.

అక్కడ స్ట్రెచర్ మీద ఒక గోడ పక్కన వరుసలో ఉంచారు. ఆ గోడనే చూస్తూ పడుకున్నాను. మా నంబరు వచ్చేసరికి వేళ్లు కదిలాయి. స్కానింగ్ అయ్యేసరికి లేచి కూర్చున్నాను. రిపోర్టులు వచ్చి డాక్టరు పిలిచేసరికి నా కాళ్ల మీద నేనే నడిచి ఆయన గదిలోకి పోయాను. ఆ కుర్ర డాక్టరు కాగితాలన్నీ చూసి, నన్ను చూసి, "అన్నీ నార్మలే మేడం. ఎగ్జామ్స్ సీజన్ కదా, టెన్షన్ తగ్గించుకోండి" అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఎదుట రెండు కాళ్ల మీద నిలబడిన మనిషిని చూసి కాళ్లు పడిపోయాయంటే ఎవరు మాత్రం నమ్ముతారు.

నమ్మకపోవడం అక్కడితో ఆగలేదు. మా పెద్దమ్మ గాలి సోకిందని తేల్చింది. అమ్మ సైదాబాద్‌లో ఎవరి దగ్గరో తాయెత్తు కట్టించుకొచ్చింది. నాన్న నేను లేచిన ప్రతిసారీ నా కాళ్ల వంకే చూసేవాడు, అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. నెలకోసారి, రెండు వారాలకోసారి అది వచ్చిపోతూనే ఉంది. కొన్నిసార్లు కాళ్ల వరకే, మధ్యాహ్నానికి మాయం. ప్రతిసారీ దవాఖాన గుమ్మం తొక్కేలోగా నేను బాగైపోయేదాన్ని. చివరికి నన్ను నేనే అనుమానించడం మొదలుపెట్టాను. నాకు తెలియకుండా నేనే నాటకమాడుతున్నానా అని. జబ్బు కన్నా ఆ అనుమానం నన్ను ఎక్కువ తినేసింది. పడుకోవాలంటే భయమేసేది. నిద్రలోకి జారే ముందు కాలివేళ్లు ఆడించి చూసుకునేదాన్ని. అమ్మ నా గదిలోనే చాప వేసుకునేది. తాయెత్తు మీద మేమిద్దరం పోట్లాడుకున్న రోజు కూడా చాప తీసుకెళ్లలేదు.

మే

మా బాబాయి కూతురి పెళ్లి ఎల్‌బీనగర్ ఫంక్షన్ హాల్లో. అప్పటికి చుట్టాలందరికీ నా సంగతి తెలుసు. "ఏమైంది పిల్లకు, మంచిగనే ఉంది గద" అని నా ఎదుటే అంటున్నారు. నాకు రోషం వచ్చి బరాత్‌లో చెమటలు కక్కేలా ఆడాను. ఆ తర్వాత పూరీ, పులావు, జిలేబీ, ఐస్‌క్రీమ్. ఆడవాళ్లందరం పై గదిలో జంపఖానాలు పరుచుకుని పడుకున్నాం.

తెల్లారింది. చుట్టూ చీరల గరగర, జడల గొడవ, టీ కప్పుల చప్పుడు. ఒకావిడ నన్ను దాటుకుంటూ, "గీ పిల్ల ఇంక పండుకునే ఉన్నది చూడు" అంటూ పోయింది. ఈసారి మెడ కూడా లేవలేదు. ఊపిరి పీల్చడం బరువు ఎత్తినట్టుగా ఉంది. అరుద్దామంటే గొంతుకు సరిపడా గాలి అందడం లేదు. పడుకున్న చోటే, పెళ్లి సందట్లో, అందరి కాళ్ల మధ్యలో చచ్చిపోతానేమో అనుకున్నాను.

అమ్మ వచ్చి చూసింది. నాన్న, బాబాయి, ఇంకో ఇద్దరు కలిసి నన్ను జంపఖానాతోనే నాలుగు మూలలా పట్టి కిందికి మోశారు. వాకిట్లో తయారుగా ఉన్నది పెళ్లికారు ఒక్కటే. మల్లెపూల దండలతో సహా దాన్ని దిల్‌సుఖ్‌నగర్ వైపు పరుగెత్తించారు. సిగ్నళ్ల దగ్గర బైకుల వాళ్లు పెళ్లికూతురిని చూద్దామని అద్దంలోకి వంగి, నన్ను చూసి బిత్తరపోయారు. ఆ పరిస్థితిలో కూడా నాకు నవ్వొచ్చింది.

అక్కడి దవాఖానలో ఆ పొద్దు డ్యూటీలో ఉన్న డాక్టరమ్మది గుంటూరు వైపు. వచ్చీరాగానే నా మోకాలి మీద చిన్న సుత్తితో తట్టింది. నర్సును పిలిచి రక్తం తీయించింది.

"ముందు రక్తం. తగ్గిపోయాక తీస్తే ఇందులో ఏమీ కనపడదు," అంది. తర్వాత నా మొహం మీదికి వంగి, "రాత్రి ఏం తిన్నావమ్మా?" అని అడిగింది.

చెప్పాను. అన్నీ చెప్పాను, జిలేబీలతో సహా.

"డాన్సు కూడా చేశావా?"

"చేసిన మేడం."

"శుభ్రంగా పడుకున్నావు. అంతేనా?"

నేను అబద్ధమాడుతున్నానని అనుకోకుండా నన్ను ఒక ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడ. కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి. తుడుచుకునే చెయ్యి లేదు. యాదమ్మ అని అక్కడి ఆయా, బకెట్టు పక్కన పెట్టి, తన కొంగుతో నా చెవులు తుడిచింది. "ఏడువు బిడ్డా, ఏం కాదు. నేను తుడుస్త," అంది. కాసేపటికి ముక్కు దురద పెట్టింది. సిగ్గు విడిచి అదీ చెప్పాను. గోకి పెట్టింది. ఆ రోజు నాకు జరిగిన వైద్యంలో దానికీ ఒక భాగం ఉందని ఇప్పటికీ అనుకుంటాను.

రక్తంలో పొటాషియం అనే ఉప్పు బాగా పడిపోయిందని రిపోర్టు వచ్చింది. ఆ ఉప్పు పడిపోతే కండరాలు కదలవట. మరీ తగ్గితే గుండెకే ప్రమాదమట. అందుకే ఛాతీ మీద వైర్లు అతికించి, తెర మీద గుండె గీతను చూస్తూ, ఏదో మందు గొట్టంతో తాగించారు. అంత చెడ్డ రుచి ఇంకెక్కడా తగల్లేదు. నేను సంతోషంగా తాగాను. నా జబ్బుకు కాగితం మీద ఒక అంకె ఉంది. లెక్కల టీచరుకు అంతకన్నా ఏం కావాలి.

"ఇది కొన్ని ఇళ్లల్లో వంశంలోనే ఉంటుందండీ," అని డాక్టరమ్మ నాన్నను అడిగింది. "మీ వైపు ఎవరికైనా ఇలా ఉందా?"

"ఎవ్వలికి లేదు మేడం," అన్నాడు నాన్న.

మధ్యాహ్నానికి చేతులు వచ్చాయి. డాక్టరమ్మ మళ్లీ చూడటానికి వచ్చింది. పెళ్లివాళ్లు పంపిన భోజనం నాన్న అప్పుడే తిన్నాడు. తలుపు అద్దంలోంచి ఆయన కనిపిస్తున్నాడు. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు.

"మీ ఆయన్ను కాసేపు కూర్చోమనండి. ఆయన కూడా పడిపోతాడు," అంది డాక్టరమ్మ.

"కూసోడు మేడం," అంది అమ్మ. ఎన్నేళ్ల విసుగో ఆ మాటలో ఉంది. "వాళ్లింట్ల మగోళ్లకు అదొక పిచ్చి. తిన్నంక కూసోరు. పండుగైతే ఇంక చెప్పొద్దు, సగం పొద్దు తిరుగుతరు. పెళ్లైన కొత్తల నేను అత్తగారింటి మీద అలిగిండేమో అనుకునేదాన్ని."

మా ఇంట్లో దాన్ని 'గెట్టు తిరుగుడు' అంటారు. గెట్టు అంటే పొలం గట్టు. పండగ భోజనం అవ్వగానే మా ఇంటి మగవాళ్లు చేతులు కడుక్కుని, "గెట్టు తిరిగొస్త" అని లేచిపోతారు. ఇక్కడ పొలం లేదు కాబట్టి నాన్న కాలనీ పార్కు చుట్టూ తిరుగుతాడు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. కొందరి ఇళ్లల్లో మంగళవారం గోళ్లు తీసుకోరు, మా ఇంట్లో పండగపూట మగవాళ్లు కూర్చోరు, అంతే అనుకునేదాన్ని.

డాక్టరమ్మ తలుపు తెరిచి నాన్నను లోపలికి పిలిచింది. "ఎందుకు తిరగాలంటారండీ?"

నాన్న మొహమాటపడ్డాడు. "ఏం లేదు మేడం, పాతకాలపోళ్ల మాట. కడుపునిండ తిని కూసుంటే నేల పట్టుకుంటదని మా తాత ఎల్లయ్య చెప్పేటోడట."

"నేల పట్టుకోవడమంటే?"

చెప్పబోయి నాన్న ఆగిపోయాడు. మంచం మీద ఉన్న నన్ను చూశాడు. నా కాళ్లను చూశాడు.

"గిదే మేడం," అన్నాడు.

పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు. భోజనం చేసి నాన్న కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. ఎవరో దూరం నుంచి నన్ను పేరు పెట్టి పిలిచినట్టయింది.

తర్వాత ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. పండగ మరునాడు నాన్నకు కూడా వయసులో ఉన్నప్పుడు కాళ్లు బరువెక్కేవట. నిలబడే డ్యూటీ కాబట్టి నడుస్తుంటే పోయేదట. చిన్నప్పుడు నాకూ పండగ తెల్లవారి కాళ్లు లాగినట్టు ఉంటే అమ్మ బద్ధకం అనేది. డాక్టరమ్మ అంతా విని, గట్టిగా ఒక మాట చెప్పింది. అది ఇక్కడ రాయాలి: నడక దీనికి మందు కాదు. ఒళ్లు పడిపోయిందంటే దవాఖానకే రావాలి, బాగైపోయేదాకా ఆగకుండా అప్పుడే రక్తం తీయించాలి. పొద్దున కదల్లేక మధ్యాహ్నానికి బాగైపోయే మనిషి మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, దయచేసి వాళ్లను నమ్మండి.

"ఆ పెద్దాయన్ని చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని పోయేముందు అడిగింది ఆవిడ. "ఆడవాళ్లలో ఎవరికైనా వచ్చిందేమో కూడా కనుక్కోండి. తక్కువే గానీ, వస్తుంది."

జూన్ నుంచి

మందులు మొదలయ్యాయి. తిండి కొద్దికొద్దిగా, తీపి దాదాపు లేదు. నేను మళ్లీ క్లాసుకు పోయాను. మొదటి వారం కుర్చీలో కూర్చునే చెప్పాను. బోర్డు మీద పిల్లలే వంతులవారీగా రాశారు. వాళ్ల చేతిరాత చూసి, తొందరగా బాగుపడాలని తీర్మానించుకున్నాను.

ఒళ్లు కుదుటపడుతున్నకొద్దీ నా బుర్ర ఎల్లయ్య మీదికి పోయేది. నాకు మానిటరు, మందు, మెట్రో రైలు, కుర్చీ వేసిచ్చే పిల్లలు ఉన్నారు. ఆయనకు ఏముంది? పొద్దున లేవలేని మనిషి వ్యవసాయం ఎలా చేశాడు? లేవకపోతే ఆ ఇల్లు ఎలా గడిచింది? నాన్నకు ఏమీ తెలియదు. నాన్న పుట్టకముందే ఆయన పోయాడు.

తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. ఎల్లయ్య ఆఖరి కూతురు, నాన్నకు మేనత్త, నర్సవ్వ. బాటసింగారం దాటాక ఉన్న మా సొంతూళ్లోనే, కొడుకు దగ్గర ఉంటుంది. పుట్టిల్లూ మెట్టినిల్లూ ఆమెకు ఒకటే ఊరు. వెళ్దామంటే నాన్న వాయిదా వేస్తూ వచ్చాడు. ఎల్లయ్య చెలక, అంటే మెట్ట పొలం, ఆయన కొడుకులకు, వాళ్ల నుంచి మనవలకు వచ్చింది. హైవే పక్కన ప్లాట్లు పడ్డప్పుడు నాన్న, ఆయన అన్నదమ్ములు కలిసి అమ్మేశారు. నర్సవ్వను ఎవరూ అడగలేదు. ఆమె కూడా ఎవరినీ ఏమీ అడగలేదు.

"ఏం ముఖం పెట్టుకొని పోవాలె," అన్నాడు నాన్న.

"నా ముఖం పెట్టుకొని పోదాం," అన్నాను నేను.

పెద్దల అమావాస్య

ఆ రోజు ఇంట్లో పెద్దలకు బియ్యం ఇచ్చి, భోజనాలు చేసి, మధ్యాహ్నం బస్సెక్కాం. పండ్ల మార్కెట్ దగ్గర లారీల వరుస. గాలంతా బత్తాయి వాసన. నర్సవ్వ గడప మీద కూర్చుని ఉంది. బక్కపలచటి మనిషి, ఎనభై దాటింది. కళ్లు మాత్రం ఏ మాత్రం ముసలివి కావు.

"ఎవలు?" అంది చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి. "మా అన్న కొడుకువా? తొవ్వ తప్పినవా ఏంది?"

"తప్పలే అత్తా. నిన్ను చూద్దామనే వచ్చిన. ఇది నా బిడ్డ, అరుణ."

"చూసుడైందా? ఇంక కూసోన్రి."

నేను ఆమె పక్కనే గడప మీద కూర్చుని, నాకు జరిగిందంతా చెప్పాను. 'నేల పట్టుకునుడు' అన్న మాట రాగానే నోట్లో ఆకు నమలడం ఆపేసింది.

"నీకు పట్టుకుందా?" అంది. "ఆడపిల్లవు గద?"

"పట్టుకుంది అవ్వా. తాతకు ఎట్ల ఉండేదో చెప్పు."

ఆకు వాకిట్లోకి ఉమ్మి మొదలుపెట్టింది. "మా నాయినకు కడుపునిండ తిన్న మరునాడే పడుతుండె బిడ్డ. గటక తాగినన్ని దినాలు ఏం కాకపోయేది."

ఆ ఇంట్లో రోజూ జొన్న గటకే, జొన్నరవ్వ ఉడికించిన జావ. అది కూడా సగం కడుపుకే. వరన్నం వండేది ఏడాదిలో కొన్ని పండగలకు. ఆ పూటే ఆయన కడుపారా తినేవాడు. తెల్లవారి నేల పట్టుకునేది. ఎల్లయ్యకు బువ్వ అచ్చిరాలేదని ఊళ్లో చెప్పుకునేవారు. ఆకలితో ఉన్నంతకాలం ఆయన ఒళ్లు ఆయన మాట విన్నది. తిన్న రోజే ఎదురు తిరిగింది. నేను ఫంక్షన్ హాల్లో తిన్న జిలేబీలు గుర్తొచ్చి తల వంచుకున్నాను.

ఆమె అప్పుడు ఏరువాక పున్నం సంగతి చెప్పింది. అప్పటికి ఆ చెలక ఆయనది కాదు, పటేలు దగ్గర కౌలుకు చేస్తున్నాడు. ఏరువాక నాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగేసి, ఇంట్లో బువ్వ, పోలెలు చేసుకున్నారు. ఆ రాత్రే తొలి వాన పడింది. తెల్లారేసరికి చెలక పదును మీద ఉంది. ఊరంతా నాగళ్లు కట్టింది. ఎల్లయ్య మంచం మీద నుంచి లేవలేదు.

"పదును ఆరిపోతే ఇత్తనం మొలవది. ఎల్లయ్య పడ్డడంటే పటేలు చెలక ఇంకొకలకు ఇస్తడు. గప్పుడు మేమేం తినాలె?" అంది నర్సవ్వ. "మా అన్నలు పక్క ఊర్ల జీతానికి ఉండిరి. మా అవ్వ పోచవ్వ ఎవ్వలికి చెప్పలే. నన్ను, మా అక్కను పిలిచింది. మంచం ఎత్తున్రి అన్నది."

"మంచమా?"

"నాయిన మీద ఉండంగనే ఎత్తినం. చెలక నడుమకు మోసుకపోయినం."

ఆడవాళ్లు నాగలి ముట్టకూడదు. ముడితే పంట పండదు, ముట్టినామెకు పాపం. ఊళ్లో ప్రతి ఒక్కరూ నమ్మిన మాట అది. పోచవ్వా నమ్మింది. నమ్ముతూనే నాగలి మేడి పట్టుకుంది. కానీ ఎడ్లు ఆమె మాట వినలేదు, అవి ఎల్లయ్య గొంతుకే అలవాటుపడ్డవి. అప్పుడు మంచం మీద వెల్లకిలా పడి ఉన్న మనిషి, ఆకాశం తప్ప ఏమీ కనపడని మనిషి, ఎడ్లను అదిలించడం మొదలుపెట్టాడు. సాలు చివరికొచ్చినప్పుడు పోచవ్వ "మలుపు" అని కేక వేసేది. ఎల్లయ్య నాలుకను అంగిలికి తాకించి టక్కుమని ఒక చప్పుడు చేసేవాడు. ఎడ్లు మళ్లేవి.

"దున్నుకుంట దున్నుకుంట మంచం దగ్గరికొస్తే, మంచం జరుపుడు. మళ్ల దున్నుడు," అంది నర్సవ్వ. "మా అవ్వ చేతులు బొబ్బలెక్కినయి. ఒక జాము నేను పట్టిన మేడి. నాకంటె మేడే పొడుగుండె."

"పటేలు రాలేదా అవ్వా?"

"వచ్చిండు. గెట్టు మీద నిలవడ్డడు. చూసిండు. ఏమనకుంటనే పోయిండు. దున్నుడైతే ఆగలే గద."

పొద్దు వాలేవేళకు ఎల్లయ్య వేళ్లు కదిలాయి. తర్వాత లేచి కూర్చున్నాడు. మంచం కోడు పట్టుకుని నిలబడి, తను లేకుండా దున్నిన చెలకను చుట్టూ చూశాడు. భార్య చేతులను తన తలగుడ్డతో చుట్టి కట్టాడు. ఆ తర్వాత మిగిలిన సాళ్లు తనే దున్నాడు. ఆ ఏడాది జొన్న పండింది, చెలక పోలేదు. కొన్నేళ్లకు దాన్నే ఆయన తన పేరు మీదికి తెచ్చుకున్నాడు.

కాళ్లూ చేతులూ లేని పొద్దున నాకు మిగిలేది కూడా నోరు ఒక్కటే. దాంతో నేను అమ్మను పిలిచాను. ఆయన అదే నోటితో నలుగురి తిండి దున్నుకున్నాడు. వరండా గుంజకు ఆనుకుని కూర్చున్న నాన్న కళ్లు తుడుచుకుంటున్నాడు. దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు.

గెట్టు తిరగడం ఆ తర్వాతే మొదలైందట. తిని కదులుతూ ఉంటే ఒక్కోసారి పట్టు తప్పుతోందని ఆయనకు తోచింది. ఎందుకో తెలియదు. నేలకు మొక్కుతూ తిరుగుతున్నాను కాబట్టి వదిలేస్తోందని అనుకునేవాడట. తిరిగినా పట్టుకున్న రోజులు ఎన్నో. అయినా కొడుకులకు చెప్పాడు, కొడుకులు వాళ్ల కొడుకులకు చెప్పారు.

"మరి ఆడపిల్లలకెందుకు చెప్పలే అవ్వా?"

నర్సవ్వ నవ్వింది. "ఆడోళ్లు పండుగనాడు కూసుంటె గద బిడ్డ. అందరు తిన్నంక తినాలె, బోళ్లు తోమాలె, పశుల కాడికి పోవాలె. మమ్ముల పట్టుకోనీకె నేలకు టైమేది?"

నేనూ నవ్వాను. మా ఇంటి ఆడవాళ్లలో తిని సుఖంగా నడుం వాల్చిన మొదటిదాన్ని నేనే కాబోలు. నా నవ్వు ఆగేసరికి ఆమె మొహంలో నవ్వు లేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"నన్ను కూడ పట్టుకుంది," అంది మెల్లగా.

నాన్న లేచి దగ్గరికి వచ్చాడు.

"పెద్దోడు పుట్టినంక, ఇరవై ఒకటో దినం చేసిన్రు. బాలింతనని బువ్వ పెట్టి పండుకోబెట్టిన్రు. తెల్లారి లేవలే. పిల్లగాడు పక్కల ఏడుస్తున్నడు, ఎత్తుకోరాలే. మా అత్త గాలి అన్నది. పొగ వెట్టిన్రు, యాపమండలతోని కొట్టిన్రు. మళ్ల మళ్ల వచ్చింది, జుట్టు నెరిసేదాంక వచ్చింది. నేను ఒక్కలికి చెప్పలే."

"ఎందుకు చెప్పలేదు అవ్వా? మీ నాయినకు ఉన్నదేనని తెలుసు గద నీకు."

"నాయినకు బువ్వకు పట్టె. నాకు నాగలికి పట్టింది," అంది. "ఆడపుట్టుక పుట్టి మేడి ముట్టిన గద. గా పాపం ఎవలకు చెప్పుకోవాలె?"

చిన్నపిల్లగా ఇల్లు నిలబెట్టిన పనిని ఈమె ఇన్నేళ్లు పాపంగా మోసింది. యాపమండల దెబ్బలు తిన్నదీ దానికే అనుకుని నోరు మూసుకుంది. ఆమె చేతులు రెండూ పట్టుకున్నాను.

"నాగలికి కాదవ్వా. దవాఖానల పరీక్ష చేసి చెప్పిన్రు. ఇది రక్తంల ఉంటది. తాత నుంచి వచ్చింది. ఆయన కొడుక్కు వచ్చింది, మా నాయినకు వచ్చింది, నాకు వచ్చింది. నీకు కూడ తాత నుంచే వచ్చింది."

"మా నాయిన నుంచా?"

"ఆయన నుంచే."

"నాకు కూడనా?"

"నీకు కూడ."

ఆమె తల వంచుకుంది. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. కళ్లనుంచి నీళ్లు కారుతూనే నవ్వుతోంది.

"చెలక కొడుకులకిచ్చిండు. ఎడ్లు కొడుకులకిచ్చిండు. మా నాయిన నాకేమియ్యలే అనుకుంటనే ఇన్నేండ్లు బతికిన," అంది. "గిది నాకిచ్చిండా."

నాన్న ఆమె కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు. ఏదో అనబోయాడు, ప్లాట్ల సంగతే అయ్యుంటుంది. ఆమె అననివ్వలేదు.

"పెద్దల అమాస గద, తినే వచ్చిన్రా?"

"తినే వచ్చినం అత్తా."

"మరి కూసున్నరేంది? లేవున్రి."

కర్ర పట్టుకుని ముందు ఆమె లేచింది. ఊరి చివరిదాకా నడిచాం. ఎల్లయ్య చెలక ఉన్నచోట ఇప్పుడు ప్లాట్ల మధ్య మట్టిరోడ్లు, రంగులేసిన రాళ్లు, మోకాలెత్తు గడ్డి. గట్టు జాడ ఎక్కడా లేదు. నర్సవ్వకు ఆ జాడ అక్కర్లేదు. ఒక చోట ఆగి కర్రతో చూపించి, "మంచం ఈడ ఏసినం," అంది. అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. నేను ఆ గడ్డిని చూస్తూ నిలబడిపోయాను.

"నిలవడొద్దు, నడువు," అంది ఆమె.

ఆమె ముందు, నేను వెనక, మా వెనక నాన్న. మెల్లగానే నడుస్తోంది గానీ ఆగడం లేదు. మట్టిరోడ్డు అయిపోయి మలుపు వచ్చింది. ఆమె వెనక్కి చూడకుండానే నాలుకను అంగిలికి తాకించి టక్కుమని చప్పుడు చేసింది. నా కాళ్లు మళ్లాయి.